కాల్షియం రియాక్టర్: నీరూ గ్యాసూ జోడుగా నడవాలి

రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) రాతి పగడాలు బాగా పెరుగుతున్నాయంటే, అవి రోజూ నీళ్లలోంచి కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ (బైకార్బొనేట్ వల్ల నీటికి ఉండే క్షార గుణాన్నీ) లాగేసుకుంటున్నాయని అర్థం. ఆ లోటు పూడ్చడానికి రెండు సీసాల డోసింగ్ (ఒక సీసాలోంచి కాల్షియం, రెండోదాంట్లోంచి ఆల్కలినిటీ ద్రావణం కొలిచి పోయడం) ఒక పద్ధతి, కాల్షియం రియాక్టర్ ఇంకో పద్ధతి. 200 లీటర్ల లోపు ట్యాంకు, అందులో నాలుగైదు పగడాలు ఉన్నవాళ్లు రియాక్టర్ జోలికి వెళ్లక్కర్లేదు. డోసింగే చవక, తలనొప్పీ తక్కువ. 300-400 లీటర్లు దాటి, రోజుకి 1 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) పైన ఖర్చవుతున్న ట్యాంకుకి మాత్రం రియాక్టర్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది.

ఇందులో జరిగేది ఇంతే. మూసిన గొట్టంలో ఆరగొనైట్ ముక్కలు, అంటే కాల్షియం కార్బొనేట్, నింపుతాం. వీటినే మీడియా అంటారు. అందులో ట్యాంకు నీరు తిరుగుతూ ఉంటుంది. ఆ నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలితే పీహెచ్ 6.5-6.8కి దిగి, ముక్కలు కొద్దికొద్దిగా కరిగి కాల్షియం, బైకార్బొనేట్ విడుదలవుతాయి. ఆ నీరు చుక్కలు చుక్కలుగా సంప్‌లో (ట్యాంకు నీరు తిరిగే కింది తొట్టిలో) పడుతుంది. పగడం అస్థిపంజరమూ ఆరగొనైటే కాబట్టి, పగడం తీసుకునే నిష్పత్తిలోనే రియాక్టర్ తిరిగి ఇస్తుంది: ప్రతి 1 డీకేహెచ్‌కి దాదాపు 7 పీపీఎం కాల్షియం.

దీన్నిబట్టే దాని పరిమితి కూడా తెలుస్తుంది. రియాక్టర్ ఉన్న స్థితిని నిలబెడుతుందే గానీ, తేడాను సరిచేయదు. కాల్షియం 350 పీపీఎం, ఆల్కలినిటీ 8.5 ఉన్న ట్యాంకుకి రియాక్టర్ తగిలిస్తే ఆ వంకర అలాగే కొనసాగుతుంది. కాబట్టి ముందు ఉప్పు సాంద్రత 35 పీపీటీకి (స్పెసిఫిక్ గ్రావిటీ 1.026), కాల్షియం 420-440కి, మెగ్నీషియం 1250-1350కి, ఆల్కలినిటీ 8-8.5 డీకేహెచ్‌కి విడిగా తెచ్చుకోండి. ఆ తర్వాతే రియాక్టర్ ఆన్ చేయండి.

ముందు లెక్క

ట్యాంకు రోజుకి ఎంత ఖర్చు చేస్తోందో తెలియకుండా రియాక్టర్ తిప్పడం చీకట్లో చేయి పెట్టడమే. డోసింగ్ అంతా ఆపేసి, రెండు మూడు రోజులు ఒకే వేళకి ఆల్కలినిటీ కొలవండి. రోజుకి సగటున ఎంత తగ్గిందో అదే మీ ఖర్చు. వేళ మారితే లెక్క పాడవుతుంది, ఎందుకంటే లైట్లు వెలిగే గంటల్లో పగడాలు ఎక్కువ లాగుతాయి.

ఉదాహరణకి రాళ్లు, ఇసుక పోగా ట్యాంకులో, సంప్‌లో కలిపి నికరంగా 400 లీటర్ల నీరు ఉంది, రోజుకి 1.5 డీకేహెచ్ తగ్గుతోంది. 400ని 1.5తో గుణిస్తే 600. రియాక్టర్ నుంచి వచ్చే నీటి ఆల్కలినిటీ 25 అనుకుందాం. ట్యాంకులో 8 ఉంది కాబట్టి, ప్రతి లీటరూ అదనంగా తెచ్చేది 17. 600ని 17తో భాగిస్తే రోజుకి 35 లీటర్లు, అంటే నిమిషానికి 24-25 మి.లీ. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే సగం ఊహాగానాలు ఆగిపోతాయి.

ఇదే లెక్కతో ఖర్చుల అంచనా కూడా వస్తుంది. ఈ ట్యాంకు రోజుకి దాదాపు 10.7 గ్రాముల మీడియా కరిగిస్తుంది, ఏడాదికి నాలుగు కిలోల లోపు. దానికి కావలసిన గ్యాస్ కాగితం మీద 4.7 గ్రాములే. కరగకుండా నీళ్లతో పోయే వాటా కూడా కలుపుకుని రెట్టింపు వేసుకున్నా, 5 కిలోల సిలిండర్ ఏడాది దాటి రావాలి. రెండు నెలలకే ఖాళీ అయిందంటే లీకు వెతకండి, రియాక్టర్‌ని అనుమానించకండి.

బయటికొచ్చే నీటిని కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా డిజిటల్ చెకర్లు 20 డీకేహెచ్ దాకే చూపిస్తాయి. నమూనాకి సమానంగా ఆర్‌ఓ-డీఐ నీరు (శుద్ధి చేసి లవణాలు తీసేసిన నీరు) కలిపి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోండి. అందులో కరిగి ఉన్న గ్యాస్ వల్ల ఆల్కలినిటీ రీడింగ్ మారదు, పీహెచ్ మాత్రమే మారుతుంది. కాబట్టి నమూనాను గాలికి వదిలి ఆగాల్సిన పని లేదు.

బిగించడం

మీడియాను ఆర్‌ఓ-డీఐ నీళ్లతో తెల్లటి సున్నపు నీరు పోయేదాకా కడగండి. చేతికి బరకగా తగిలే పెద్ద ముక్కలే మంచివి. సన్నటి మీడియా త్వరగా కరుగుతుంది కానీ త్వరగా పేరుకుపోయి నీటికి అడ్డం పడుతుంది. కొన్ని రకాల మీడియాలో ఫాస్ఫేట్ ఉంటుంది, అందుకే మొదటి రోజు వచ్చే నీటిని బకెట్లోకి వదిలి పారబోయడం మేలు. మెగ్నీషియం క్రమంగా తగ్గుతున్న ట్యాంకుల్లో మీడియాలో పదో వంతు దాకా మెగ్నీషియం మీడియా కలుపుతారు.

భారత్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట. సముద్రం ఒడ్డున దొరికిన చచ్చిన పగడాల ముక్కల్ని ఏరుకొచ్చి మీడియాగా వాడాలనే ఆలోచన కొందరికి వస్తుంది. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, వాటిని సేకరించడం నేరం. కొన్న మీడియానే వాడండి.

నీటిని పంపడానికి నిరంతరం నడిచేలా తయారైన పెరిస్టాల్టిక్ పంపు (మెత్తటి గొట్టాన్ని నొక్కుతూ నీటిని తోసేది) అన్నిటికన్నా నమ్మకమైనది. రోజుకి పది నిమిషాలు నడిచే మామూలు డోసింగ్ పంపును 24 గంటలు నడిపితే దాని మోటారు ఎక్కువ కాలం నిలవదు. సంప్ నుంచి ట్యాంకుకి నీరు వెళ్లే రిటర్న్ పైపు నుంచి టీ జాయింటు వేసి చిన్న వాల్వుతో నీరు తీసుకునే పద్ధతి చవకే, కానీ ఆ వాల్వు సందులో మడ్డి చేరి ప్రవాహం రోజురోజుకీ తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఎవరూ గమనించరు. పంపును రియాక్టర్‌లోకి నెట్టేవైపు పెడితే బయటి గొట్టం ఎప్పుడూ తెరిచి ఉండాలి. అది పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మూత దగ్గర కారడం మొదలవుతుంది.

గ్యాస్ గొట్టాన్ని రీసర్క్యులేషన్ పంపు (రియాక్టర్ లోపలి నీటిని తిప్పే పంపు) నీరు పీల్చుకునేచోట కలపండి. పంపు రెక్కలు బుడగల్ని ముక్కలు చేస్తే గ్యాస్ త్వరగా కరుగుతుంది. బయటికొచ్చే నీరు సంప్‌లో స్కిమ్మర్ (నురగతో మురికిని తీసే పరికరం) పంపు పక్కన పడాలి. మిగిలిన గ్యాస్ అక్కడ గాలికి పోతుంది. వీలైతే మధ్యలో మీడియా నింపిన రెండో గొట్టం కలపండి. మిగిలిన గ్యాస్‌ని అది వాడేసుకుంటుంది, ట్యాంకు పీహెచ్ అంతగా పడదు.

అంతా బిగించాక ఒక రోజంతా గ్యాస్ లేకుండా నీరు మాత్రమే తిప్పండి. నీటి లీకులన్నీ ఆ రోజే బయటపడాలి.

పీహెచ్ నిలబెట్టడం

నీటి ప్రవాహాన్ని లెక్క ప్రకారం పెట్టి, కొలత గ్లాసులో రెండు నిమిషాలు పట్టి చూసుకోండి. తర్వాత నిమిషానికి 15-20 గ్యాస్ బుడగలతో మొదలుపెట్టి, లోపలి పీహెచ్ 6.6-6.7 దగ్గర స్థిరపడేదాకా పెంచుతూ పోండి. ఒకసారి నాబ్ తిప్పాక కనీసం కొన్ని గంటలు ఆగండి. మరుసటి రోజు బయటి నీటి ఆల్కలినిటీ కొలవండి. 20-30 డీకేహెచ్ మధ్య ఉంటే దారిలో పడినట్టే.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ట్యాంకులో ఆల్కలినిటీ తగ్గుతోందని నీటి ప్రవాహం ఒక్కటే పెంచుతారు. గ్యాస్ అంతే ఉంది కాబట్టి లోపల పీహెచ్ పెరుగుతుంది, బయటికొచ్చే నీరు పలచబడుతుంది, ట్యాంకుకి అందేది దాదాపు అంతే ఉంటుంది. దాంతో ప్రవాహం ఇంకా పెంచుతారు. లేదా గ్యాస్ ఒక్కటే పెంచుతారు: పీహెచ్ 6.3 కిందికి జారి మీడియా పిండిలా మెత్తబడి గడ్డకడుతుంది. నీరూ గ్యాసూ జోడెద్దుల్లాంటివి; 20 శాతం పెంచాలంటే రెండిటినీ 20 శాతమే పెంచాలి. అప్పుడు లోపలి పీహెచ్ కదలదు, బయటి నీటి చిక్కదనం మారదు, మోతాదు మాత్రం సరిగ్గా 20 శాతం పెరుగుతుంది. తగ్గించేటప్పుడూ అంతే.

పీహెచ్ కంట్రోలర్ ఉంటే దాన్ని డ్రైవరుగా కాకుండా బ్రేకుగా వాడండి. బుడగలు 6.6-6.7 దగ్గర నిలబడేలా చేత్తో సరిచేసి, 6.45కి దిగితే సొలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే గ్యాస్ వాల్వు) మూసుకునేలా కంట్రోలర్‌కి చెప్పండి. బుడగలు ధారాళంగా వదిలేసి, రోజంతా సొలెనాయిడ్ టకటకలాడుతూ పీహెచ్‌ని కాయాలంటే కాయిల్ త్వరగా పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు: పీహెచ్ కొలిచే ప్రోబు తప్పు చూపించిన రోజు రియాక్టర్‌ని ఆపేవాళ్లే ఉండరు.

ప్రోబు తప్పు చూపించడం ఖాయం, ఎప్పుడన్నదే ప్రశ్న. నెలకోసారి 7.00, 4.01 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) క్యాలిబ్రేట్ చేయండి. ట్యాంకు ప్రోబుకి వాడే 10 బఫర్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మనం చూసేది ఆమ్లం వైపు. ఏడాది, ఏడాదిన్నరకి ప్రోబు మార్చేయాలి. రీడింగ్ 6.6 అని నింపాదిగా ఉండి, బయటి నీటి ఆల్కలినిటీ 25 నుంచి 38కి ఎగబాకితే ప్రోబు మాట నమ్మకండి, టెస్ట్ కిట్ మాట నమ్మండి.

సిలిండర్, రెగ్యులేటర్

సిలిండర్‌లో గ్యాస్ ఎంత ఉందో రెగ్యులేటర్ మీది ఒత్తిడి ముల్లు చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతకాలం ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది: 20 డిగ్రీల దగ్గర 57 బార్, 25 దగ్గర 64. ద్రవం అయిపోయాకే ముల్లు దిగడం మొదలవుతుంది. గది వేడిగా ఉంటే సిలిండర్‌లో ఇంకా మూడో వంతు, ఒక్కోసారి దాదాపు సగం గ్యాస్ ఉండగానే అది కదలొచ్చు. అందుకే తూకమే దిక్కు. మెడ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. తూకంలోంచి అది తీసేస్తే మిగిలేది గ్యాస్. నింపించుకునేటప్పుడు కూడా తూకం మీదే నింపించండి. 5 కిలోల గ్యాస్‌కి దాదాపు 7.5 లీటర్ల నీరు పట్టే సిలిండర్ ఉండాలి. అంతకన్నా చిన్నదానిలో కూరడం ప్రమాదం.

31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉండదు, ఆపైన ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నిండు సిలిండర్‌ని ఎండపడే బాల్కనీలో పెట్టడం, మూసిన కారులో వదిలేసి భోజనానికి వెళ్లడం చేయకూడని పనులు. వాల్వులోని సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాసంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది.

పాత అగ్నిమాపక సిలిండర్ చవగ్గా దొరికిందని తెచ్చుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మంట మీద వేగంగా చిమ్మడానికి దాని లోపల అడుగుదాకా గొట్టం ఉంటుంది. నిలబెట్టి వాల్వు తిప్పితే గ్యాస్ కాదు, ద్రవం వస్తుంది. అది రెగ్యులేటర్‌ని పాడుచేస్తుంది. ఆ గొట్టం తీయించకుండా వాడకండి, ఆ పని గ్యాస్ నింపే చోటే చేయించాలి. మామూలు సిలిండర్‌ని పడుకోబెట్టి వాడితే జరిగేదీ అదే, కాబట్టి ఎప్పుడూ నిలబెట్టి గోడకి గొలుసుతో కట్టేయండి. అయిదేళ్లకోసారి జరగాల్సిన ఒత్తిడి పరీక్ష తేదీ మెడ మీద ఉందో లేదో చూడకుండా కొనకండి.

రెగ్యులేటర్ కొనే ముందు సిలిండర్ వాల్వు మర చూసుకోండి. అమెరికాలో సీజీఏ-320, యూరప్‌లో 21.8 మి.మీ. మర. ఈ రెండూ ఒకదానికొకటి పట్టవు. అమెరికాలో ఉన్న బంధువులతో రెగ్యులేటర్ తెప్పించుకుని ఇక్కడ అడాప్టర్ కోసం వెతుక్కోవడం చాలామందికి అనుభవమే.

ఒత్తిడిని ఒకే మెట్టులో తగ్గించే సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్‌తో ఒక పాత జబ్బు ఉంది. సిలిండర్ ఒత్తిడి పడిపోయేకొద్దీ ఇవతలి ఒత్తిడి పెరిగి, చివర్లో బుడగలు ధారగా మారతాయి. 35 బార్‌కి ముల్లు దిగితే సిలిండర్ మార్చేయండి. అరకిలో గ్యాస్ మిగిలిపోయినా పర్వాలేదు, ట్యాంకు కన్నా అది చవక. రెండు మెట్లలో తగ్గించే డ్యూయల్ స్టేజ్ రెగ్యులేటర్‌లో ఈ బెడద దాదాపు ఉండదు, ఖరీదు ఎక్కువైనా అదే కొనమని చెబుతాం.

సిలిండర్ మార్చే క్రమం ఇది:

1. పాత సిలిండర్ వాల్వు మూసి, సొలెనాయిడ్ తెరిచే ఉంచి, రెండు ముళ్లూ సున్నాకి రానివ్వండి. ఆ తర్వాతే స్పానర్ పెట్టండి.
2. కొత్త సిలిండర్ నోట్లో దుమ్ము తుడవండి. కొత్త వాషర్ వేయండి. ఈ జాయింటును మూసేది వాషరే, మర కాదు. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు.
3. రెగ్యులేటర్ ఒత్తిడి నాబ్ పూర్తిగా వదులు చేసి, నీడిల్ వాల్వు (బుడగల వేగాన్ని సరిచేసేది) మూసి, నట్టు బిగించండి.
4. సిలిండర్ వాల్వు మెల్లగా తెరవండి, ముఖం ముల్లుకి ఎదురుగా పెట్టకండి.
5. ఒత్తిడి 10-15 పీఎస్ఐకి తెచ్చి, నీడిల్ వాల్వుతో పాత బుడగల లెక్కకే రండి.
6. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాయండి. రాత్రికి సొలెనాయిడ్ ఆపి, సిలిండర్ వాల్వు మూసి, ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. తెల్లారేసరికి బాగా దిగితే ఎక్కడో కారుతోంది.

గ్యాస్ లైనుకి సిలికాన్ గొట్టం వాడొద్దు, దాని గోడల్లోంచే గ్యాస్ పోతుంది. పాలియురేథేన్ గొట్టం తీసుకోండి. బుడగలు లెక్కపెట్టే బబుల్ కౌంటర్‌లో నీరు ఆరిపోతుంది, గ్లిజరిన్ పోస్తే నెలలపాటు ఉంటుంది. కౌంటర్‌కీ రియాక్టర్‌కీ మధ్య నాన్-రిటర్న్ వాల్వు తప్పనిసరి. గ్యాస్ ఆగినప్పుడు ఉప్పునీరు వెనక్కి పాకి ఇత్తడి నీడిల్ వాల్వులోకి చేరిందంటే అది బాగుపడదు. నాన్-రిటర్న్ వాల్వుని ఏడాదికోసారి మార్చేయండి.

ఈ గ్యాస్ గాలికన్నా బరువు, వాసన ఉండదు. 5 కిలోల సిలిండర్ మొత్తం కారితే దాదాపు 2.8 ఘనమీటర్ల గ్యాస్. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గది 28 ఘనమీటర్లు. అంటే గది గాలిలో పదో వంతు. నాలుగు శాతమే ప్రాణానికి ముప్పు. ఏసీ వేసి తలుపులు మూసుకునే పడకగదిలో సిలిండర్ పెట్టకండి. మరో సంగతి: మూసిన గదిలో మనుషులు వదిలే ఊపిరే ట్యాంకు పీహెచ్‌ని దించేస్తుంది, ఆ నేరం రియాక్టర్ మీద పడుతుంది. కిటికీ తెరిచి రెండు గంటలాగి కొలిస్తే దొంగ ఎవరో తేలిపోతుంది.

కరెంటు పోతే

సొలెనాయిడ్ కరెంటు లేనప్పుడు మూసుకునే రకమే అయి ఉండాలి. అంతకన్నా ముఖ్యం, అది రీసర్క్యులేషన్ పంపు, నీరు పంపే పంపు ఉన్న లైను మీదే ఉండాలి. సొలెనాయిడ్ ఇన్వర్టర్ మీద, పంపులు మామూలు లైను మీద ఉంటే, కరెంటు పోయినప్పుడు నిలిచిన నీళ్లలోకి గ్యాస్ వెళ్తూనే ఉంటుంది. గొట్టం పైభాగం గ్యాస్‌తో నిండి, కరెంటు వచ్చాక పంపు ఉత్త గాలి తిప్పుతుంది. టీ పద్ధతిలో నీరు తీసుకునేవాళ్లు రిటర్న్ పంపు ఆపి, రియాక్టర్‌లో నీరు సంప్‌లోకి వెనక్కి జారుతోందేమో ఒకసారి చూసుకోవాలి.

మామూలు రోజుల్లో కూడా పైన గాలి జేబు చేరి పంపు గరగరలాడితే, పైన ఉన్న గాలి వాల్వు తెరిచి వదలండి. రోజూ చేరుతోందంటే బుడగలు ఎక్కువయ్యాయి, లేదా నీరు పీల్చే గొట్టం ఎక్కడో గాలి లాగుతోంది.

శుభ్రం, మీడియా నింపడం

వారానికోసారి ట్యాంకు ఆల్కలినిటీ, బయటి నీటి ఆల్కలినిటీ, నిమిషానికి ఎన్ని మి.లీ. వస్తోంది, ఈ మూడూ రాసుకోండి. కాల్షియం రెండు వారాలకోసారి చాలు. బయటి గొట్టం కొసన గ్యాస్ పోగానే కాల్షియం కార్బొనేట్ తెల్లగా గట్టిపడుతుంది, లోపల జిగురు కూడా పడుతుంది. కొసను పిండి, నెలకోసారి సన్న బ్రష్ పోనివ్వండి.

మూడు నెలలకోసారి రీసర్క్యులేషన్ పంపు విప్పి, లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణంలో రెండు మూడు గంటలు నానబెట్టండి. రియాక్టర్‌లోనే, మీడియా ఉండగా ఆమ్లం పోయకండి. మీడియా పొంగి కరుగుతుంది. పెరిస్టాల్టిక్ పంపు గొట్టం ఆరు నెలలకోసారి మార్చండి, అది సాగిపోతే లెక్క మెల్లగా తప్పుతుంది.

మీడియా మూడో వంతు తగ్గగానే నింపేయండి. గ్యాస్ వాల్వు మూసి, ఒక గంట నీరు తిరగనిచ్చి, అప్పుడు మూత విప్పండి. అడుగున చేరిన సన్నపొడిని తీసి పారేయండి, కొత్త ముక్కలు పైన వేయండి, ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు రాయండి. కొత్త మీడియాతో నీరు మీడియాకి ఎక్కువగా తగులుతుంది, అదే పీహెచ్ దగ్గర ఆల్కలినిటీ కాస్త ఎక్కువ రావచ్చు. మరుసటి రోజు కొలిచి, అవసరమైతే నీటినీ గ్యాస్‌నీ కలిపే తగ్గించండి.

ఊరెళ్లే ముందు వారంలో ఏ నాబ్ ముట్టుకోకండి. ఇల్లు చూసే వాళ్లకి ఒక్కటే నేర్పండి: పంపు వింతగా మోగినా, కంట్రోలర్‌లో 6.3 కన్నా తక్కువ కనిపించినా, సిలిండర్ నాబ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి మూసేయాలి. పై ఉదాహరణలోని ట్యాంకు రియాక్టర్ లేకుండా రెండు రోజులు ఉంటే ఆల్కలినిటీ 3 డీకేహెచ్ మేర తగ్గుతుంది. పగడాలు దాన్ని తట్టుకుంటాయి. తిరిగొచ్చాక రోజుకి 1 డీకేహెచ్ మించకుండా లేపుకోవచ్చు. గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగిస్తే మాత్రం పగడాల కొసలు కాలినట్టు తెల్లబడతాయి, దానికి రోజుల్లో మందు లేదు.